మెష్ మీద ఎన్ని మైక్రాన్లు: విశాఖ తేమలో స్క్రీన్ కోటింగ్

పెళ్ళికార్డు మీద ‘చి.ల.సౌ. లక్ష్మి’ అని చిన్న అక్షరాల్లో పడిన చోట పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం పెట్టి చూడండి. ఇకారపు గుడి లోపలి ఖాళీ తెరుచుకునే ఉందా, ఇంకుతో పూడిపోయిందా? కింద మ ఒత్తు విడిగా తెలుస్తోందా, పై అక్షరంలో కలిసిపోయిందా? అంచు బ్లేడుతో కోసినట్టుందా, రంపం పళ్ళలా ఉందా? ఈ మూడూ చూస్తే ఆ స్క్రీన్‌కి కోటింగ్ ఎలా పడిందో చాలావరకు తెలిసిపోతుంది. కానీ ఇలా వచ్చినప్పుడల్లా ముందు తిట్లు తినేది ఇంకు డబ్బా. పల్చనైందని చిక్కగా కలుపుతారు, చిక్కనైందని రిడ్యూసర్ పోస్తారు, స్క్వీజీ మారుస్తారు. స్క్రీన్ మాత్రం ఎలా ఉన్నది అలాగే ఉంటుంది. స్క్రీన్ ప్రింటింగ్‌లో స్క్రీన్ అంటే ఫ్రేముకి బిగించిన సన్న జాలీ, అదే మెష్. దానికి వెలుగు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి, అక్షరాలు నల్లగా ఉన్న ఫిల్ము పెట్టి వెలుగు చూపి (ఎక్స్‌పోజింగ్) కడిగితే, అక్షరాల చోట మాత్రం మెష్ తెరుచుకుంటుంది. స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో నెట్టిన ఇంకు అక్కడి నుంచే కాగితం మీద పడుతుంది. ఆ ఎమల్షన్ పూతే కోటింగ్.

డాబాగార్డెన్స్‌లో కార్డులు కొట్టేవారికైనా, గాజువాక వైపు సంచులూ స్టిక్కర్లూ కొట్టేవారికైనా ఈ లెక్క ఒక్కటే. విశాఖలో దానికి ఇంకో చిక్కు తోడవుతుంది. సముద్రపు గాలి. దాని సంగతి తర్వాత, ముందు మైక్రాన్ల సంగతి చూద్దాం. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాను.

మెష్‌కి రెండు అంకెలుంటాయి. 43-80 అంటే సెంటీమీటరుకి 43 దారాలు, ఒక్కో దారం 80 మైక్రాన్ల లావు. అంగుళం లెక్కలో చెప్పేవారు దీన్నే 110 అంటారు. సెంటీమీటరు అంకెని 2.54తో గుణిస్తే అంగుళం అంకె వస్తుంది. 77 అంటే 195, 120 అంటే 305. దుకాణంలో ‘120 ఇవ్వండి’ అని ఊరుకుంటే ఏ లెక్కలో 120 చేతిలో పెడతారో చెప్పలేం, అడిగి తీసుకోండి. దారాలు ఒకదానిమీద ఒకటి దాటుకుంటూ నేస్తారు కాబట్టి మెష్ మందం దారం లావు కన్నా ఎక్కువ. 43-80 మెష్ సుమారు 130 మైక్రాన్లు, 77-55 సుమారు 90, 120-34 సుమారు 55. కంపెనీని బట్టి కొద్దిగా తేడా ఉంటుంది.

ఇక కోటింగ్. ఎమల్షన్ ముందు దారాల మధ్య ఖాళీలను నింపుతుంది, ఆ తర్వాతే మెష్ పైకి వస్తుంది. కాగితం తగిలే వైపు, మెష్‌ని దాటి పైకి నిలిచిన ఆ కాస్త మందమే అసలు పని చేసేది. దాన్ని ఈఓఎం (ఎమల్షన్ ఓవర్ మెష్) అంటారు. లెక్క చిన్నదే. ఎమల్షన్ వేసి పూర్తిగా ఆరాక మొత్తం మందం కొలిచి, అందులోంచి ఉత్త మెష్ మందం తీసేయాలి. 77-55 మీద మొత్తం 99 వస్తే ఈఓఎం 9 మైక్రాన్లు, అంటే మెష్ మందంలో పది శాతం. మామూలు పనులకు 10 నుంచి 20 శాతం మధ్య ఉంటే చాలు. సన్న చుక్కలు, నాలుగు రంగుల హాఫ్‌టోన్ (బొమ్మని చుక్కలుగా కొట్టేది) అయితే పది శాతం లోపే, 4-5 మైక్రాన్లు. బట్టల మీద, నాన్‌ఓవెన్ సంచుల మీద 15 నుంచి 20 శాతం, కావాలంటే ఇంకాస్త.

ఈ కాస్త మందం చేసే పని రెండు రకాలు. మొదటిది గట్టు కట్టడం. స్క్వీజీ నొక్కినప్పుడు ఎమల్షన్ అంచు కాగితాన్ని గట్టిగా ఆనుకుంటే ఇంకు పక్కకు పాకదు, పైపు జాయింటులో వాషరు నీటిని ఆపినట్టే. గట్టు లేకపోతే ఎమల్షన్ దారాల వంపుల వెంటే పైకీ కిందకీ పోతుంది. కాగితానికీ దానికీ మధ్య దారం దారానికీ ఒక సందు మిగులుతుంది. ఇంకు ఆ సందుల్లోకి పాకితే వచ్చేదే రంపపు అంచు. భూతద్దంలో పళ్ళ మధ్య దూరం చూడండి, అచ్చం మెష్ దారాల మధ్య దూరమే ఉంటుంది. 77 మెష్‌లో ఒక దారం నుంచి పక్క దారానికి 130 మైక్రాన్లు. పళ్ళు కూడా ఆ లెక్కనే ఉంటే ఇంకుని తిట్టడం ఆపి స్క్రీన్ వైపు చూడొచ్చు.

రెండో పని ఇంకు కొలత. ఇది చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. కోటింగ్ మందంగా వేస్తే కార్డంతా ఇంకు ఎక్కువ పడుతుందనుకుంటారు. అలా జరగదు. వెడల్పాటి పట్టీ కొడుతున్నప్పుడు మధ్యలో స్క్వీజీ ఒత్తిడికి మెష్ కిందకి వంగి కాగితాన్ని తాకుతుంది. అక్కడ ఎంత ఇంకు పడాలో మెష్షే నిర్ణయిస్తుంది. గట్టు ప్రభావం అంచు దగ్గర మాత్రమే. అందుకే మందం కోటింగ్‌తో కొట్టిన పెద్ద పట్టీని గోటితో తడిమితే అంచు చుట్టూ చిన్న కట్టలాగా తగులుతుంది, మధ్య పల్చన. అదే సన్నని అక్షరం అయితే మెష్ కిందకి వంగే చోటే లేదు. అక్షరం మొత్తం అంచే. అక్కడ మెష్‌లో పట్టే ఇంకుకి గట్టు ఎత్తు కూడా కలుస్తుంది.

అంకెల్లో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. 120-34 మెష్‌లో ఖాళీల వాటా దాదాపు 29 శాతం, మందం 55. రెండూ గుణిస్తే చదరపు మీటరుకి 16 ఘన సెంటీమీటర్లు, అంటే కాగితం మీద 16 మైక్రాన్ల తడి పొర. ఈఓఎం 5 ఉంటే సన్నని గీతలో ఇది 21 అవుతుంది. 15 ఉంటే 31. అదే ఇంకు, అదే మెష్, అదే స్క్వీజీ. చిన్న అక్షరంలో మాత్రం దాదాపు సగం ఇంకు ఎక్కువ. ఇది కాగితంమీద వేసిన లెక్క, పడే ఇంకు దీనికన్నా కొంత తక్కువే ఉంటుంది, కానీ పోలికకి ఇది చాలు. పోలికకి 43-80 చూడండి: అందులో ఖాళీలు 41 శాతం, మందం 130, అంటే 53 మైక్రాన్లు. అక్కడ 10 మైక్రాన్ల తేడా పెద్దగా కనబడదు. మెష్ సన్నబడేకొద్దీ కోటింగ్‌లో పొరపాటు ఖరీదు పెరుగుతుంది.

సాల్వెంట్ ఇంకు అయితే ఆరేటప్పుడు చాలా భాగం ఆవిరైపోతుంది కాబట్టి ఈ కట్ట కొంత కుంగుతుంది. యూవీ వెలుగుకి గట్టిపడే యూవీ ఇంకులో ఆవిరయ్యేదంటూ దాదాపు ఏమీ ఉండదు. పడిందంతా అలాగే నిలుస్తుంది. నాలుగు రంగులు వరసగా కొట్టేటప్పుడు మొదటి రంగు చుక్కలు గుట్టల్లా నిలబడితే రెండో రంగు వాటి పక్క పల్లాల్లోకి దిగదు. రంగు మారిపోతుంది, మచ్చలు మచ్చలుగా వస్తుంది. లోపలి దాకా యూవీ అందక అడుగు పచ్చిగా మిగిలి, టేపు అంటించి లాగితే పొర ఊడి వస్తుంది. యూవీ పనికి గట్టు 5 మైక్రాన్లు దాటకుండా చూసుకోవడం మంచిది.

మందం వేరు, నునుపు వేరు

ఇది పట్టుబడితే సగం పని అయినట్టే. ఎమల్షన్‌లో గట్టి పదార్థం నూటికి 35-40 పాళ్ళు, మిగతాదంతా నీరు. ఆరుతున్నకొద్దీ నీరు పోయి ఎమల్షన్ కుదించుకుపోతుంది. దారం ఉన్న చోట దారం ఆపుతుంది, ఖాళీ ఉన్న చోట పల్లం పడుతుంది. పైకి నున్నగా కనిపించే స్క్రీన్ మీద దగ్గరగా చూస్తే గుట్టలూ పల్లాలూ ఉంటాయి. వీటి ఎత్తుపల్లాల కొలతని ఆర్‌జడ్ అంటారు. 10 మైక్రాన్ల లోపు ఉంటే మంచి స్క్రీన్. ఆర్‌జడ్ అంకె ఈఓఎం కన్నా పెద్దదైతే గట్టు ఉండీ లేనట్టే, పల్లాల్లోంచి ఇంకు పారుతుంది. గరుకు కాగితం, ఖాదీ, నాన్‌ఓవెన్ లాంటి వాటికి ఇది అంతగా పట్టదు. వాటి గరుకే ఇంతకన్నా ఎక్కువ. ఆర్ట్ కార్డు, యాక్రిలిక్, వినైల్, గాజు, స్టీలు నేమ్‌ప్లేటు మీద మాత్రం ప్రతి పల్లమూ అంచులో కనబడుతుంది.

తడి మీద తడి కోటింగులు ఎన్ని వేసినా మందం పెరుగుతుంది కానీ పల్లాలు ఆ నిష్పత్తిలో తగ్గవు, ఎందుకంటే అంతా ఒకేసారి కుదించుకుంటుంది. నునుపు కావాలంటే ముందు పొర పూర్తిగా ఆరనిచ్చి, కాగితం వైపు మాత్రం ఒక పలుచని పొర లాగాలి. ఆ పొర పల్లాల్లో కూర్చుంటుంది. మందం పెద్దగా పెరగదు, ఆర్‌జడ్ మాత్రం బాగా పడిపోతుంది. స్టీలు ప్లేట్ల మీద కంట్రోల్ ప్యానెల్ గుర్తులు కొట్టేవారు ఈ ఒక్క పొర అదనంగా వేసుకుంటే చాలు, ఖరీదైన మెష్‌కి మారకుండానే అంచు కుదురుతుంది. ఆరడానికి ఇంకో గంట పడుతుందని చాలామంది మానేస్తారు. అర్జెంటు పనికి తప్పదు గానీ, రోజూ మానేయడం బద్ధకమే.

చేతిలో స్కూప్ ఎలా కదలాలి

కొందరు ఇంకా ప్లాస్టిక్ స్కేలుతోనే లాగుతారు. స్కేలు మధ్యలో వంగుతుంది, చేతి బరువు ఒక పక్క ఎక్కువ పడుతుంది. దానితో మందం ఎంత వస్తుందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అల్యూమినియం స్కూప్ కోటరు కొనుక్కోవడం ముందు పని. దానికి రెండు అంచులుంటాయి. పదునైన అంచు పలుచగా వేస్తుంది, గుండ్రటి అంచు మందంగా వేస్తుంది. హాఫ్‌టోన్‌కీ చిన్న అక్షరాలకీ పదును, సంచులకీ టీషర్టులకీ గుండ్రం. స్కూప్ పొడవు ఫ్రేము లోపలి వెడల్పు కన్నా నాలుగైదు సెంటీమీటర్లు తక్కువ ఉండాలి. అంచు మీద గోరు జారుస్తూ చూడండి. ఎక్కడైనా సొట్ట తగిలితే, ప్రతి స్క్రీన్ మీదా సరిగ్గా అక్కడే నిలువు చార పడుతుంది.

మెష్‌ని జిడ్డు తీసే డీగ్రీజర్‌తో కడిగి, ఆరబెట్టి, ఫ్రేముని గోడకి కొద్దిగా వాల్చి నిలబెట్టండి. స్కూప్‌లో సగానికి పైగా ఎమల్షన్ పోయండి. మరీ తక్కువ పోస్తే పైకి వెళ్ళేసరికి చివరల్లో అయిపోతుంది. కింద, ఫ్రేము పట్టీకి రెండు వేళ్ళ ఎత్తున అంచు ఆనించి, స్కూప్‌ని ముందుకి వంచి, ఎమల్షన్ మెష్‌ని వెడల్పంతా తాకేదాకా ఒక క్షణం ఆగండి. ఇక్కడ తొందరపడితే మొదటి అంగుళంలో గాలి చిక్కి, తర్వాత పిన్‌హోళ్ళు (సూది బెజ్జాలు) అవుతాయి. ఆపైన ఒకే వేగంతో, ఒకే వంపుతో పైకి లాగండి. నాలుగైదు సెకన్లలో అడుగు దూరం సరిపోతుంది. పైకి చేరాక స్కూప్‌ని వెనక్కి వంచి, ఎమల్షన్ లోపలికి జారాక మాత్రమే ఎత్తాలి. మధ్యలో చెయ్యి ఆగితే అడ్డంగా గీత పడుతుంది. అది ఆరాక కూడా పోదు. ఆ గీత కింద పడ్డ అక్షరాలు కాస్త ముదురుగా వస్తాయి.

ముందు కాగితం వైపు, తర్వాత స్క్వీజీ వైపు. చివరి లాగుడు ఎప్పుడూ స్క్వీజీ వైపు నుంచే, ఎందుకంటే అది ఎమల్షన్‌ని మెష్‌లోంచి నెట్టి కాగితం వైపు గట్టుగా నిలబెడుతుంది. 1-1 అంటే రెండు వైపులా ఒక్కొక్కటి, 1-2 అంటే కాగితం వైపు ఒకటి, స్క్వీజీ వైపు రెండు. 120 మెష్‌కి పదునైన అంచుతో 1-1 తో మొదలుపెట్టి కొలవండి, తక్కువైతే 1-2. 43 మెష్‌కి గుండ్రటి అంచుతో 2-2 దాకా పోవాల్సి రావచ్చు. ‘ఇన్ని లాగితే ఇన్ని మైక్రాన్లు’ అని పక్క షాపువాళ్ళ అంకె తెచ్చుకోకండి. ఎమల్షన్ చిక్కదనం, అంచు గుండ్రం, మెష్ బిగువు, చేతి ఒత్తిడి అన్నీ ఆ అంకెలో ఉంటాయి. బిగువు లేని మెష్ స్కూప్ కింద లోపలికి వంగి మధ్యలో ఒక మందం, పక్కల ఒక మందం వస్తుంది. స్టేపుల్స్ కొట్టిన చెక్క ఫ్రేముల బాధ ఇదే.

ఆరేటప్పుడు కాగితం వైపు కిందకి ఉండేలా పడుకోబెట్టాలి. గోడకి నిలబెట్టి ఆరబెడితే ఎమల్షన్ కింది అంచుకి జారుతుంది. ఒకే కార్డులో పైన వధూవరుల పేర్లు పలుచగా, కింద కల్యాణ మండపం చిరునామా ముద్దగా రావడానికి ఇదొక కారణం.

మన గాలి

ఎమల్షన్ ఆరే గదిలో వేడి 30 నుంచి 40 డిగ్రీలు, తేమ 50 శాతం లోపు ఉండాలి. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ 70 శాతం పైనే. ఫ్యాను పెట్టి కిటికీ తెరిస్తే ఆరుతుందనుకోవడం ఇక్కడ చెల్లదు, తేమగాలినే మళ్ళీ మళ్ళీ స్క్రీన్ మీదకి తోలుతున్నట్టు లెక్క. పై పొర ఆరి వేలికి అంటుకోదు, లోపల మాత్రం నీరు ఉండిపోతుంది. అలాంటి స్క్రీన్‌ని ఎక్స్‌పోజ్ చేస్తే వెలుగు ఎంత ఇచ్చినా లోపలి పొర సరిగా గట్టిపడదు. కడిగేటప్పుడు స్క్వీజీ వైపు బంకబంకగా జారుతుంది. రెండు వందల కార్డులు కొట్టేసరికి అంచులు కరిగిపోతాయి, పిన్‌హోళ్ళు మొదలవుతాయి. కొలతా తప్పుతుంది. నీళ్ళు తాగిన ఎమల్షన్ మందం కొలిచే గేజీలో మందంగా చూపుతుంది, ఆరాక కుంగుతుంది.

దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. 28 డిగ్రీల్లో 80 శాతం తేమ ఉన్న గాలిని 38 డిగ్రీలకు వేడిచేస్తే, అందులో నీరు అంతే ఉన్నా, తేమ దాదాపు 46 శాతానికి పడిపోతుంది. అంటే పాత ఇనప బీరువాకి చిన్న హీటరు, థర్మోస్టాటు, పైన ఒక చిన్న ఎగ్జాస్టు ఫ్యాను బిగిస్తే సరిపోతుంది. ఎగ్జాస్టు మరవకూడదు. స్క్రీన్లు వదిలిన ఆవిరి బయటికి పోకపోతే బీరువా లోపల ఇడ్లీపాత్రే. హీటరు స్క్రీన్లకు ఎదురుగా కాకుండా అడుగున, అడ్డు రేకు పెట్టి ఉంచండి. నలభై దాటితే ఎమల్షన్ వేడికే కొంత గట్టిపడి సన్న గీతలు కడుక్కుపోవు. నాలుగైదు వందల రూపాయల హైగ్రోమీటరు (తేమ కొలిచేది) ఒకటి లోపల పెట్టండి. ఏసీ గది ఉన్నవాళ్ళు డ్రై మోడ్‌లో పెట్టుకోవచ్చు, డీహ్యూమిడిఫయర్ ఉంటే ఇంకా మేలు. ఆరిన స్క్రీన్ బయట పెడితే మళ్ళీ తేమ పీల్చుకుంటుంది. ఎక్స్‌పోజింగ్‌కి తీసే క్షణం దాకా అందులోనే ఉంచాలి.

ఆరిందో లేదో తేల్చుకోవడానికి గంట తేడాతో రెండు సార్లు మందం కొలవండి. రెండంకెలూ ఒకటే వస్తే ఆరినట్టు. ఇంకా దిగుతుంటే ఆరనట్టు.

కొలవడానికి కార్ల పెయింటు మందం చూసే డిజిటల్ గేజీ పనికొస్తుంది. చదునైన ఇనప పలక మీద స్క్రీన్‌ని కాగితం వైపు కిందకి ఆనించి పై నుంచి గేజీ పెట్టాలి. ముందు ఉత్త పలక మీద సున్నా చేసి, గేజీతో ఇచ్చే ప్లాస్టిక్ రేకుతో సరిచూసుకోవాలి. నాలుగు మూలలూ మధ్యా కలిపి ఐదు చోట్ల కొలవండి. చవక గేజీలు రెండు మూడు మైక్రాన్లు తప్పుతాయి, కానీ రోజూ అదే గేజీతో కొలిస్తే పోలిక నిలుస్తుంది. నూరో వంతు మిల్లీమీటరు చూపే డయల్ గేజీ ఈ పనికి చాలదు, దాని ఒక్క గీతే 10 మైక్రాన్లు.

సందు పూడితే ఒక రోగం, గీత పోతే ఇంకో రోగం

గుడి లోపలి ఖాళీ పూడిందంటే ముందు కార్డు కాదు, స్క్రీన్‌ని వెలుగుకి ఎత్తి పట్టి చూడాలి. ఆ ఖాళీని ఆపాల్సిన ఎమల్షన్ చుక్క స్క్రీన్ మీద ఉందా? లేకపోతే ఎక్స్‌పోజింగ్ చాలక కడిగేటప్పుడు కొట్టుకుపోయింది. తెలుగు అక్షరాల్లో ఈ చుక్కలు ద్వీపాల్లా ఒంటరిగా ఉంటాయి. పట్టు చాలకపోతే మొదట పోయేవి అవే. చుక్క ఉండి, కార్డు మీద అంచు రంపంలా ఉంటే గట్టు తక్కువ, లేదా ఆర్‌జడ్ ఎక్కువ. చుక్క ఉంది, అంచు నున్నగానే ఉంది, కానీ అక్షరం ఉబ్బి గోటికి తగులుతోందంటే గట్టు ఎక్కువ, పడ్డ ఇంకు ఆరేలోపు లోపలికి పాకుతోంది. మూడింటికీ కార్డు మీద కనబడేది ఒకటే, మందులు మాత్రం వేరు. ‘కోటింగ్ ఇంకొకటి లాగు’ అనేది రెండోదానికి మందు, మూడోదానికి విషం.

సన్న గీతలు మాయమైతే అది ఇంకో దారి. కోటింగ్ మందమయ్యేకొద్దీ ఎక్స్‌పోజింగ్ సమయం పెరగాలి. సమయం పెరిగితే వెలుగు ఫిల్ము నలుపు అంచు కిందకి దూరి, అక్షరం తెరుచుకోవాల్సిన చోట కూడా ఎమల్షన్‌ని గట్టిపరుస్తుంది. ట్యూబులైట్ల పెట్టెలో వెలుగు అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి ఇది ఎక్కువ. తెల్ల మెష్ దారాలు వెలుగుని పక్కకి చిమ్ముతాయి. పసుపు మెష్ ఆ చిమ్మడాన్ని తగ్గిస్తుంది, కానీ సమయం ఒకటిన్నర నుంచి రెండింతలు అడుగుతుంది. బటర్ పేపరు మీద లేజర్ ప్రింటు తీసి పాజిటివ్‌గా (ఫిల్ముకి బదులు) వాడేవారికి ఇంకో దెబ్బ. ఆ నలుపు పూర్తి నలుపు కాదు. పలుచని కోటింగ్‌కి ఇచ్చే తక్కువ సమయంలో అది ఆగుతుంది. మందం కోటింగ్‌కి ఇచ్చే ఎక్కువ సమయంలో వెలుగు నలుపులోంచే దూసుకుపోతుంది. బటర్ పేపరు తప్పనప్పుడు 1-1 దాటకండి.

గీత వెడల్పు కూడా చూసుకోవాలి. పావు పాయింటు గీత అంటే 88 మైక్రాన్లు. 77 మెష్‌లో దారం నుంచి దారానికే 130 ఉన్నప్పుడు ఆ గీత దారం మీద పడిన చోట తెగుతుంది. ఏ కోటింగూ దాన్ని కాపాడలేదు. డిజైనరుకి చెప్పి గీతని అర పాయింటు చేయించుకోవడం చవక. మరీ లోతైన గట్టులో సన్న గీత ఉంటే ఇంకు కాగితానికి దిగకుండా గోడలకే అంటుకుని మిగిలిపోతుంది, ఇరుకు గొట్టంలో పెరుగు దిగనట్టు.

సమయం తేల్చడానికి ఒకే స్క్రీన్ మీద నల్ల కాగితం జరుపుతూ 60, 90, 120, 150, 180 సెకన్ల పట్టీలు తీయండి. డయాజో (ఎమల్షన్‌ని వెలుగుకి గట్టిపడేలా చేసే పొడి) కలిపిన ఎమల్షన్‌లో వెలుగు చాలని పట్టీల్లో పసుపు ఛాయ మిగిలి ఉంటుంది. పక్క పట్టీకీ దీనికీ రంగు తేడా ఎక్కడ ఆగిపోతుందో ఆ సమయమే సరైనది. కోటింగ్ పద్ధతి మారిస్తే ఈ పరీక్ష మళ్ళీ చేయాలి. 1-1 కి తేల్చిన సమయం 2-2 కి చెల్లదు.

డయాజో పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో పూర్తిగా కరిగించి కలిపాక, బుడగలు పోయేదాకా ఒక రాత్రి కదపకుండా వదలాలి. డబ్బా మీద కలిపిన తేదీ రాయండి. మన ఎండాకాలంలో గదిలో ఉంచితే త్వరగా చిక్కబడుతుంది, చిక్కబడితే అదే స్కూప్ అదే లాగుడుకి మందం మారుతుంది. విడిగా ఒక చిన్న ఫ్రిజ్ ఉంటే మంచిది, తిండి పెట్టే ఫ్రిజ్‌లో వద్దు. డయాజోకి బదులు బైక్రోమేట్ ఇంకా వాడేవారు ఉన్నారు, చవక కాబట్టి. దానిలో ఉండే క్రోమియం క్యాన్సర్ కారకం, చర్మాన్ని పుండ్లు చేస్తుంది, కడిగిన నీళ్ళు కాలవలోకి పోతాయి. పైగా బైక్రోమేట్ కలిపి కోటింగ్ వేసిన స్క్రీన్ చీకట్లో ఉన్నా గట్టిపడుతూనే ఉంటుంది. ఉదయం కోటింగ్ వేసింది ఆ రోజే వాడేయాలి. మందం లెక్క ఎంత కుదిరినా సమయం లెక్క రోజుకో రకంగా ఉంటుంది. మానేయమనే చెబుతాం.

చేతి కోటింగ్‌తో విసిగినవారికి క్యాపిలరీ ఫిల్మ్ (రేకులా తయారుచేసిన ఎమల్షన్) ఉంది. ఫ్యాక్టరీలోనే ఒకే మందంతో వస్తుంది, తడి మెష్‌కి ఆనిస్తే నీటితో పాటు లోపలికి పీల్చుకుని అంటుకుంటుంది. సన్న మెష్‌కి 15-18 మైక్రాన్లది, 77 కి 20-25 ది. ఇందులో కొంత మెష్‌లోకి దిగిపోతుంది కాబట్టి ఆ అంకె మొత్తం గట్టుగా మిగలదు. టీషర్టుల మీద ఉబ్బెత్తు ముద్రలకు 100 నుంచి 400 మైక్రాన్లవీ దొరుకుతాయి. నునుపు విషయంలో దీన్ని చేతి కోటింగ్ అందుకోలేదు. ఖరీదు ఎక్కువ, అంటించే ముందు మెష్ శుభ్రంగా లేకపోతే మూలలు లేచిపోతాయి. కార్డులకి అనవసరం, నేమ్‌ప్లేట్లకీ మీటరు డయళ్ళకీ పెట్టిన డబ్బు దండగ కాదు.

మళ్ళీ మళ్ళీ వచ్చే ఆర్డర్లు ఉన్నవాళ్ళకి ఇంకొకటి. మూడు నెలల క్రితం కొట్టిన లేత గులాబీ రంగు ఈసారి కాస్త ముదురుగా వచ్చిందని పార్టీ కార్డు పట్టుకొచ్చి అడిగితే, ఇంకు కలపడంలో తప్పు వెతికే ముందు పాత స్క్రీన్ ఎన్ని మైక్రాన్లో తెలియాలి. పలుచని రంగులూ టింట్లూ 4-5 మైక్రాన్లకే ఛాయ మారతాయి. అందుకని ప్రతి ఫ్రేము పట్టీ మీద మార్కరుతో మెష్, లాగుడు, మొత్తం మందం, సెకన్లు వరసగా రాసుకోండి: ‘120, 1-2, 61, 110’. రాసిన చోట సెల్లోటేపు అంటించండి. లేకపోతే మొదటిసారి థిన్నర్ గుడ్డతో ఫ్రేము తుడవగానే అంకెలు పోతాయి.